నాలుగు సీసాల వైనూ, వెంకట్రాజు ముక్కూ

కలిదిండి చుట్టుపక్కల ఏ చెరువులో చేప పట్టాలన్నా ముందు వెంకట్రాజుగారి ముక్కు ఒప్పుకోవాలి. వల దించే ముందు ఆ చెరువు శీలావతి చేపని ఒకదాన్ని కోసి, ఉప్పూ కారం పసుపూ ఏమీ తగలనివ్వకుండా, మూత పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆయన వచ్చి మూత తీసి వాసన చూస్తాడు. ఒక ముక్క నమిలి ఉమ్మేస్తాడు. మట్టి వాసన లేకపోతే "పట్టండి" అంటాడు. ఉంటే "ఇంకో పది రోజులు నీళ్లు మార్చండి" అంటాడు. పాతికేళ్లుగా ఆ మాటకి ఎదురు లేదు.

రెండేళ్లుగా మాత్రం ఆయన నోట "పట్టండి" అన్న మాట రావడం లేదు. ఎవరి చెరువుకెళ్లినా పది రోజుల పాటే. రాజుగారికి చాదస్తం ఎక్కువైందని జనం సరిపెట్టుకుని, పది రోజులూ ఆగి పట్టుకుంటున్నారు. అసలు సంగతి తనొక్కడికే తెలుసని ఆయన ధీమా. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కుని పట్టుకుపోయింది. ఇంగువకీ కిరసనాయిలుకీ తేడా తెలియని మనిషి చేప గురించి ఏం చెప్తాడు? తెలియనప్పుడు ఆగమనడమే మేలనుకున్నాడు. నిజం చెప్తే ఇంక తననెవరు పిలుస్తారన్న భయం ఆయన్ని పీక్కు తింటోంది.

ఆ శనివారం పొద్దున్నే చెరువు రైతు శ్రీకర్ ఫోన్ చేశాడు. కుర్రాడు మొండి. రాజుగారు పట్టమంటే గానీ వల దించనని కూర్చున్నాడు. ఆయన ఇప్పటికే రెండుసార్లు పది రోజులన్నాడు.

"బాబాయిగారూ, రేపు పొద్దున్న మళ్లీ ఉడికిస్తున్నామండి. ఎండలు ముదిరిపోతున్నాయి, చేప తట్టుకోదండి. ఉన్నదున్నట్టు చెప్పేయండి, చాలు."

"ఆయ్, వస్తాను" అన్నాడు వెంకట్రాజు.

మధ్యాహ్నానికి కూతురు గీతాంజలి ఏలూరులో రైలు దిగి ఇంటికొచ్చింది. హైదరాబాదులో పెద్ద హోటల్లో ఉద్యోగం ఆ పిల్లకి. వచ్చినవాళ్లకి ఏ కూరతో ఏ వైను బావుంటుందో చెప్పే పనికి చదువుకుంటోంది. సంచీలోంచి దగ్గుమందు సీసాలంతవి నాలుగు తీసి వరండాలో వరసగా పెట్టింది.

"ఏంటే అవి?" అంది తల్లి నాగరత్నం.

"వైన్లమ్మా. రెండు ఇటలీవి, రెండు అమెరికావి. పరీక్షకి."

"పరీక్షకి తాగడమేంటే! పక్కింటి వీరరాఘవమ్మగారు చూసిందంటే సాయంత్రానికి ఊరంతా చాటింపేస్తుంది."

"తాగమమ్మా. వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేస్తాం."

"మీ నాన్నగారి చదువేనన్నమాట" అని నవ్వుతూ లోపలికెళ్లింది నాగరత్నం.

గీతాంజలి మాత్రం నవ్వలేదు. నోట్‌బుక్ తెరిచి తండ్రికి చూపించింది. నల్ల చెర్రీ, దేవదారు చెక్క, తోలు అంటూ ఒద్దికగా రాసుకున్న పేజీ మీద మేష్టారి ఎర్ర సిరా అడ్డంగా పడింది. 'ఇవి పుస్తకం మాటలు. నీవేవి?' సోమవారానికి మళ్లీ రాసివ్వాలి.

"నాకు మాటలు రావట్లేదు నాన్నగారూ. మీ ముక్కుకి తిరుగులేదు కదా, కాస్త సాయం చెయ్యండి" అంది.

వెంకట్రాజు తప్పించుకుందామనుకున్నాడు. కానీ కూతురు అడిగితే కాదనడం ఆయనకి చేతకాని పని.

ఇంట్లో గాజు గ్లాసులు మూడే ఉన్నాయి. నాలుగోదానికి వంటింటి అలమార్లోంచి ఓ స్టీలు గ్లాసు పట్టుకొచ్చింది. ముందు అమెరికా తెల్లది, షార్డనే. ఆయన గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, పాతికేళ్ల అలవాటు కొద్దీ తల పంకించాడు. పుక్కిలించి ఉమ్మాడు.

"నాలిక మీద నూనె రాసినట్టు జారుతోంది."

తరవాత ఇటలీ కియాంటి. "పులుపు. వెనకాలే వగరు." ఆ తరవాత బరోలో. "అబ్బో, ఇది చిగుళ్లు బిగబట్టేస్తోందమ్మా. పచ్చి చెక్కపేడు నమిలినట్టుంది."

గీతాంజలి అన్నీ రాసుకుంటూ, "బావున్నాయండీ. కానీ ఇవన్నీ నోటి సంగతులు. వాసన చెప్పండి" అంది.

అమెరికా జిన్‌ఫండెల్ స్టీలు గ్లాసులో నల్లగా మెరుస్తోంది. రంగు చూసి ధైర్యం చేశాడు వెంకట్రాజు. గట్టిగా పీల్చి, "నేరేడు పళ్లు. చక్కటి నేరేడు పళ్ల వాసన" అన్నాడు.

పిల్ల ఆశగా ఆ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మరుక్షణం ముక్కు మూసుకుని మొహం తిప్పేసుకుంది. అప్పుడే వచ్చిన నాగరత్నం, "అయ్యో, అది ఎండురొయ్యల పొడి కొలిచే గ్లాసు కదే! ఎంత తోమినా ఆ కంపు పోదు" అంది.

గీతాంజలి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి నాన్నగారూ?"

"రెండేళ్లు. మీ అమ్మకి కూడా తెలీదు."

"ఎందుకు తెలీదండీ?" అంది నాగరత్నం గుమ్మానికి ఆనుకుని. "మీకు జ్వరం తగ్గిన వానాకాలం జడలో మొగలిరేకు పెట్టుకుని మీ పక్కనే కూర్చున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ మొగలిరేకు పెట్టుకుంటే తిరిగి చూడని రోజు లేదు మీరు. ఆ రోజు చూడలేదు. చెప్పుకోలేకపోతున్నారని నేనూ ఊరుకున్నాను."

వెంకట్రాజుకి కళ్లు నిండిపోయాయి. రెండేళ్లుగా దాచుకున్న బరువు దిగిపోయినందుకో, భార్య అన్నాళ్లూ ఒంటరిగా దాన్ని మోసినందుకో ఆయనకే తెలియలేదు. గీతాంజలి దగ్గరికి జరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి ఆయనే తేరుకుని, "నువ్వే చెప్పమ్మా. అవి ఎలా ఉన్నాయో వినాలనుంది" అన్నాడు.

"ఈ కియాంటి ఉంది చూశారూ, చెర్రీ పళ్లు..."

"ఆ చెర్రీ నేనెరగను. నాకు తెలిసినవాటితో చెప్పు."

గీతాంజలి ఆలోచనలో పడింది. మళ్లీ వాసన చూసింది. ఈసారి పుస్తకం కోసం కాదు, ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి కోసం. "ఎండబెట్టిన కొత్త చింతపండండీ. దాని వెనకాల, చినుకు పడ్డ పెంకు" అంది. బరోలో దగ్గరికొచ్చేసరికి మాట సాగింది. "పెళ్లయిన మర్నాడు వాడిపోయిన గులాబీ దండ. దాని పక్కనే కైకలూరు రోడ్డు మీద కాగుతున్న తారు." జిన్‌ఫండెల్‌ని కడిగిన గాజు గ్లాసులో పోసుకుంది. "దీనికి నిజంగా నేరేడు పళ్లేనండీ, బెల్లం వేసి ఉడికించినట్టు. పైన మిరియం." షార్డనేకి పనసతొనలంది, వెన్న కాగి నెయ్యి కాబోయే ముందు ఇల్లంతా నిండే వాసనంది.

వెంకట్రాజు ముక్కుకి ఏదీ అందలేదు. అయినా ఒక్కోటీ గుర్తొచ్చింది. తారు అనగానే ఆ రోడ్డూ, నెయ్యి అనగానే పొయ్యి దగ్గర నాగరత్నమూ. "అంతే, అలాగే ఉంటుంది" అంటూ ఆయన తలూపుతుంటే నోట్‌బుక్‌లో పేజీలు నిండాయి.

మర్నాడు పొద్దున్న కూతుర్ని వెంటబెట్టుకుని శ్రీకర్ చెరువుకెళ్లాడు. గట్టు మీద పదిమంది ఉన్నారు. గిన్నె తెచ్చి ముందు పెట్టారు. ఆయన మూత తియ్యలేదు.

"శ్రీకర్, నాకు రెండేళ్లుగా వాసన తెలియడం లేదు. నిన్ను రెండుసార్లూ గుడ్డిగా ఆపాను. తప్పు నాదే."

శ్రీకర్ బిత్తరపోయి చూశాడు. వెనకెవరో గొణిగారు.

"మరిప్పుడెలాగండి బాబాయిగారూ?" అన్నాడు శ్రీకర్.

"మా అమ్మాయి వాసన చూస్తుంది. నీకిష్టమైతే, చెప్పడం నేను చెప్తాను."

శ్రీకర్ గిన్నె గీతాంజలి వైపు జరిపాడు.

ఆమె మూత తీసింది. "గంజి వార్చినప్పటి ఆవిరండీ. కాస్త లేత కొబ్బరి."

"తొందరపడకు. ఆవిరి తగ్గాక చూడు. అడుగున బీట్‌రూట్ కోసినప్పటి మట్టి వాసన తగుల్తోందా?"

ఆమె వంగి, ఆగి, మళ్లీ చూసింది. ముక్క నమిలి ఉమ్మింది. "లేదండీ. ఎక్కడా లేదు."

"ఇంకోసారి."

"లేదు నాన్నగారూ."

వెంకట్రాజు చెరువు వైపు తిరిగాడు. "పట్టండి" అన్నాడు.

వలలు తీసుకుని అందరూ నీళ్లలోకి దిగారు. గీతాంజలి గిన్నె మీద మూత పెట్టబోతుంటే ఆయన ఆపాడు.

"ఉండమ్మా. ఇందాక ఎలా ఉందన్నావు? మళ్లీ చెప్పు."