వెంకట్రాజం కనిపెట్టిన మందు

మా పక్కింటి వెంకట్రాజానికి హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం ఉండేది. లోకంలో ఏదైనా సరే గజాలు పెట్టి కొలిస్తేనే ఆయనకు అర్థమయ్యేది. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో భార్య కళావతికి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ రోజు నుంచి ఆమెకు మాట లేదు, తిండి సయించదు. ఆయన ఒక్కనాడూ ఆమె పక్కన కూర్చున్న పాపాన పోలేదు. దవాఖానలకు తిప్పాడు, తాయెత్తు కట్టించాడు, టానిక్కు సీసాలు కిటికీలో వరసగా పెట్టి వచ్చినవాళ్లకల్లా చూపించాడు.

మరుసటి ఏడు బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస నాడు మా అరుగు మీద బతుకమ్మ పేరుస్తూ, చేయి ఖాళీ లేక గునుగు పూల గంప కళావతి ముందుకు తోశాను. కాసేపు ఊరికే చూసింది. తర్వాత కాడలు సమంగా కోసి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచింది. ఎరుపు పక్కన తెలుపు నచ్చలేదేమో, తీసేసి తంగేడు పెట్టింది. ఆ పూట అడగకుండానే అన్నం తిన్నది. ఇక రోజూ తనొక చిన్న బతుకమ్మ పేర్చుకునేది. పేర్చినంతసేపూ పాటకు మల్లే పెదవులు కదిలేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇది వెంకట్రాజం కంట పడింది. "అక్కా, మందు దొరికింది. ఇగ డోసు పెంచాలె," అన్నాడు నాతో. కాసిన్ని పూలకే ఇంత గుణముంటే బండెడు పూలకు ఎంత ఉండాలని ఆయన లెక్క. గుణం పూలలో లేదు, ఆమె పేర్చుకోవడంలో ఉందని చెప్పబోతే, ఆడవాళ్లకు లెక్కలు రావని నవ్వాడు. అంత తెలివి అంత చిన్న దుకాణంలో ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పండుగ ఆఖరు రోజు, సద్దుల నాడు బండెడు పూలు దింపించి, దుకాణం పనివాళ్ల చేత పేర్పించాడు. కళావతి చేయి పెట్టబోతే నీరసపడతావని చెప్పి, పట్టుచీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రానికి నడుమెత్తు బతుకమ్మ లేచింది. పెద్ద బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మ ఉండాలన్న సంగతి ఆ మేధావుల్లో ఒక్కడికీ తట్టలేదు.

కళావతికి తట్టింది. కుర్చీ దిగి, కింద రాలిన పూలు ఏరుకుని, తాంబాళంలో జానెడు బతుకమ్మ పేర్చింది.

చెరువుకు బయలుదేరే వేళకు వాడంతా పోగైంది. పెద్దదాన్ని నెత్తికెత్తుకుంటే గుణం ఒళ్లంతా దిగుతుందని వెంకట్రాజం భార్యను పిలిచాడు. పూలు పేరిస్తే నీరసపడే మనిషి ఆ బరువు మాత్రం మోయగలదట. కళావతి తాంబాళాన్ని రొమ్ముకు ఆనించుకుని లేచి నిలబడింది.

"అది మీది. మీరే ఎత్తుకోండ్రి. నేను పేర్చుకున్నది నేనెత్తుకుంట," అన్నది.

ఏడాదికి విన్న ఆ గొంతుకు నాకు ఏడుపు ఆగలేదు. వెంకట్రాజం మాత్రం పెద్ద బతుకమ్మను తనే నెత్తిన పెట్టుకుని, మెడ వంగిపోతున్నా, దారి పొడుగునా ఎదురైనవాళ్లందరినీ ఆపి చెప్పాడు.

"మాట్లాడింది సూసిండ్రా. నా బతుకమ్మ పనిజేసింది."