బావగారి గేటు

వెల్డరు తన జీవితంలో చేతులారా చెడగొట్టిన పని ఒక్కటే. అది బావగారి గేటు.

చెల్లెలి మొగుడు మొదట మంచివాడే. కొత్త కాలనీలు వస్తే వాగు చచ్చిపోతుందని నలుగురినీ పోగేసి గట్టు పొడుగునా మొక్కలు నాటించాడు. వెల్డరు కూడా రెండు నాటాడు. తర్వాత కాలనీ కిటికీల పని చేతికొచ్చేసరికి వెల్డరు నాలుక మడతపడింది. ఊరు రెండుగా చీలింది. మొక్కలు నాటినవాళ్లు ఒక్కొక్కరే విసిగి తప్పుకున్నారు. బావ మాత్రం, "అసలీ ప్రభుత్వమే చెల్లదు, నా పొలానికి నేనే రాజుని" అంటూ తుపాకీ కొన్నాడు. దాంతో మొక్కలకు నీళ్లు పోసే దిక్కు కూడా లేకుండా పోయింది.

కొత్త రోడ్డు అతని పొలం మీదుగానే పోవాలి. అడ్డంగా గేటు కావాలన్నాడు.

"బుల్డోజరొచ్చినా కదలకూడదు బావా."

వెల్డరు తలూపాడు. లోపల చెల్లెలు, ఇద్దరు పిల్లలు. పోలీసులు వచ్చిననాడు గేటు ఇట్టే ఊడిపోతే గొడవ ముదరదనుకున్నాడు. మడతబందులను నిండా అతకకుండా అక్కడక్కడా చుక్కల్లా అతుకులు పెట్టి, పైన రంగు కొట్టేశాడు. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాడు కూడా.

నెల తిరక్కుండానే బుల్డోజరు వచ్చింది. వెనక పోలీసులు, వాళ్ల వెనక సగం ఊరు. లోపల బావ తుపాకీ పట్టుకుని నిలబడి, పిల్లలిద్దరినీ గేటుకు ఆనించి కూర్చోబెట్టాడు. పిల్లలుంటే తొయ్యరని ఒక ధీమా, తోసినా గేటు కదలదని ఇంకో ధీమా.

వెల్డరు గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"బావా, పిల్లల్ని తియ్యి! ఆ గేటు ఆగదు. నేనే... నేనే సరిగ్గా అతకలేదు!"

బావ పకపకా నవ్వాడు. "అలా చెప్పమని వాళ్లు పంపారా? నీ పని నాకు తెలీదా!"

బుల్డోజరు గుర్రుమని కదిలింది. వెల్డరు దానికి అడ్డంగా పరిగెత్తి, గేటు చువ్వలు పట్టుకుని తనవైపు గుంజాడు. ఒక్క గుంజుడుకే బందులు ఊడి, గేటు అతని మీద పడింది. బుల్డోజరు జానెడు దూరంలో ఆగిపోయింది. పిల్లలు మట్టిలో దొర్లి ఏడుపు లంకించుకున్నారు. బావ ఊడిన బందులకేసే చూస్తుండిపోయాడు. పోలీసులు తుపాకీ లాక్కున్నా కదల్లేదు.

చెల్లెలు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి పిల్లల్ని ఒళ్లోకి లాక్కుంది. గేటు కింద పడున్న అన్నను లేపలేదు.

"రోజూ దీని మీదెక్కి ఊగేవాళ్లు, అన్నయ్యా. మామయ్య చేసిన గేటు కదా అని నేనే ఎక్కించేదాన్ని."