గుండీల డబ్బాలో చీటీలు

నాకు కోపం ఎక్కువ. నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ శనివారం పొద్దున వచ్చిన కోపం ముందు, అంతకుముందు వచ్చినవన్నీ చిరాకులే.

మా కుట్టు దుకాణంలో ఇద్దరమే, నేనూ మా చెల్లీ. చెల్లి కౌంటరు దగ్గర వచ్చినవాళ్ల కొలతలు తీసి పుస్తకంలో రాస్తుంది. నేను లోపల, బల్ల అంచుకు కొట్టిన పొడుగాటి ఇత్తడి కొలబద్ద చూసి గుడ్డ కత్తిరిస్తాను. రెండేళ్ల కిందట చెల్లి టేపు తెగిపోతే, గోడకు వేలాడుతున్న నాన్న టేపు తీసి ఇచ్చాను. "ముప్పై ఏళ్లు నాన్న మెడలో ఉందే ఇది. అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆ తర్వాతే దుకాణానికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. ఒక్కొక్కరే ఎదురుగా ఉన్న రెడీమేడ్ షాపులోకి పోవడం అద్దంలోంచి చూస్తూ పళ్లు నూరాను. వచ్చిన కొద్దిమందీ బిగుతుగా ఉందనేవారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిండి తగ్గించుకోలేక నా కత్తెర మీద పడతారేం అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, మొహం మీదే అనేదాన్ని. "నా కుట్టు బిగుతు కాదమ్మా, నువ్వు లావెక్కావు!" నవ్వుతూనే అనేదాన్ని. వాళ్లు నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇలాగే ఉంటే వేసవిలోపు దుకాణం మూసుకోవాలి. అందుకే నేనే కౌంటరు మీద ఒక పెట్టె పెట్టాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద రాసి వేయండి అని బోర్డు కూడా రాశాను. శనివారం శనివారం చెల్లి తాళం తీసి చదివేది, నేను మిషను తొక్కుతూ వినేదాన్ని. "చాలా బాగా కుట్టారు." "ఫిటింగు అద్భుతం." అన్నీ ఇవే.

"అంత అద్భుతమైతే ఒక్కరూ మళ్లీ రారేమే?" అని అడిగితే చెల్లి తలవంచుకుని కాజాలు కుట్టుకునేది.

ఆ శనివారం ఒక కోటుకు నల్ల గుండీ కావాలని చెల్లి గుండీల డబ్బా బోర్లించాను. గుండీలతోపాటు మడతపెట్టిన చీటీలు రాలాయి. చంకల దగ్గర పట్టేస్తోంది. కూర్చుంటే ఊపిరాడటం లేదు. మూడు కుట్టించాను, మూడూ బిగుతే. అన్నిటి అడుగున ఆసుపత్రి నర్సుపిల్ల రాసినది, కింద పేరుతో, ఎనిమిది నెలల కిందటి తేదీతో. "నన్ను అందరి ముందూ లావెక్కావన్నారు. నేను ఎక్కలేదండీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగ చేతికే తాళాలిచ్చానన్నమాట!

"ఏమిటే ఇవి? దుకాణం మునిగిపోతుంటే దాచిపెడతావా? నువ్వసలు నా తోడబుట్టినదానివేనా?"

చెల్లి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సూది దిండుకు గుచ్చి లేచి నిలబడింది.

"మొదటి చీటీ నీకే ఇచ్చాను. ఏం చేశావక్కా? చింపేసి, ఆవిడకు ఫోన్ చేసి మరీ తిట్టావు. ఆవిడ మళ్లీ గుమ్మం తొక్కలేదు. రెండో చీటీ ఎట్లా ఇస్తాను నీకు?"

"నా కుట్టులో తప్పుంటే కదా!"

"తప్పు లేకపోతే ఇంతమంది ఒక్కసారే లావెక్కుతారా? టేపు చూద్దామక్కా అన్నందుకు నాన్ననే అనుమానిస్తావా అని వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. గుర్తుందా?"

గుర్తుంది. చెల్లి మెడలోంచి టేపు లాగి ఇత్తడి బద్ద పక్కన పరిచాను. నిజం నిరూపించి దాని నోరు మూయిద్దామనే పరిచాను. టేపు మీద ముప్పై ఆరు ఉన్నచోట, బద్ద మీద ముప్పై ఏడు దాటింది. మళ్లీ పరిచాను. మళ్లీ దాటింది. గుడ్డ టేపు, ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోయింది. మనిషిని ఉన్నదానికన్నా సన్నగా చూపిస్తే చెల్లి అదే రాసింది, నేను అంగుళం తేడా రాకుండా అదే కత్తిరించాను. మా ఇద్దరి పనిలోనూ తప్పు లేదు. ఇద్దరికీ మధ్య వేలాడుతున్న నా మొండితనంలో ఉంది.

తల కొట్టేసినట్టయింది. చెల్లి వైపు చూడటానికి మొహం చెల్లక, ఒక అట్ట తీసుకుని రాశాను. "లావెక్కింది మీరు కాదు. మా టేపు సాగింది. బిగుతైన బట్టలు తెండి, ఊరికే సరిచేస్తాం."

తలుపుకు అంటిస్తుండగా వెనకనుంచి పిలుపు వినిపించింది. "కొంచెం పక్కకు జరుగుతారా ఆంటీ?" నర్సుపిల్ల. బుగ్గలు లోపలికి పోయాయి. చేతిసంచిలోంచి నేను కుట్టిన నీలం గౌను తీసింది.

"ఇది వదులైపోయిందండీ, బిగించాలి. మీరన్నాక రాత్రి తిండి మానేశాను. వార్డులో రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను కూడా." కాస్త గర్వంగానే చెప్పింది. "ఇప్పుడు ఫర్వాలేదు కదూ?"

నా చెయ్యి ఇంకా అట్ట మీదే ఉంది. ఆ పిల్ల చూపు దానిమీద పడింది. పెదాలు కదిలిస్తూ ఒక్కొక్క మాటే చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

తర్వాత అరిచింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేలా, గౌను నా కాళ్ల దగ్గర విసిరికొట్టి అరిచింది. నాలుక చివరిదాకా జవాబు వచ్చింది, అలవాటు ఎక్కడికి పోతుంది? మింగేశాను. ఆ పిల్ల చెప్పదలచుకున్నదంతా చెప్పేదాకా గుమ్మంలో నిలబడి విన్నాను.