మలుపు ముందు మొరాయించే బండి

ఇంజన్ చేతులెత్తేసిందని పానాకి తెలిసేసరికి వెనక అద్దం నిండా లారీ ముఖమే ఉంది.

యాక్సిలరేటర్ మెలితిప్పింది. లాభం లేకపోయింది. అంతసేపూ హైవే మీద హాయిగా దూసుకొచ్చిన మోటార్‌సైకిల్ రెండుసార్లు దగ్గి, పూర్తిగా నీరసపడిపోయింది. లారీ హారన్ వీపులోంచి గుండెలోకి దిగింది. హాండిల్ పక్కకి లాగి బండిని మట్టి అంచులోకి దింపింది పానా. లారీ గాలి మాత్రం వాళ్ళని చరిచి వెళ్ళిపోయింది. పక్కన సైడ్‌కార్‌లో కూర్చున్న నాన్న టోపీ ఎగిరి ముళ్ళపొదలో చిక్కుకుంది.

"బాగానే ఉన్నావా నాన్నా?"

"నాకేమైంది? వాడికే, ఎక్కడలేని తొందర" అన్నాడాయన. కానీ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పానా మళ్ళీ కిక్కు కొట్టింది. ఒక్క దెబ్బకే, ఏ పాపమూ ఎరగనట్టు, ఇంజన్ అందుకుంది. ఆమెకి అసలు భయం అప్పుడు వేసింది. చెడిపోయిన బండిని బాగుచెయ్యొచ్చు. చెడిపోయి తనంతట తానే బాగుపడే బండిని నమ్మేదెలా?

ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఊహ తెలిసినప్పటినుంచీ చేతిలో పానాతోనే తిరిగేది కాబట్టి పానా అన్న పిలుపే స్థిరపడింది. పాత మోటార్‌సైకిళ్ళని విప్పి, కోరినట్టు మార్చి బిగించడం ఆమె పని. ఈ బండి మాత్రం గిరాకీది కాదు, సొంతది. పెద్ద కార్బొరేటర్ వేసింది, సైలెన్సర్ మార్చింది, ఎడమవైపు సైడ్‌కార్ తగిలించింది. అదంతా నాన్న కోసం. గూడ్సు రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. మోకాళ్ళు మొండికెయ్యడంతో బస్సు మెట్టు కూడా ఎక్కలేక, కిటికీ పక్కన కూర్చుని దారినపోయేవాళ్ళకి వంకలు పెడుతూ రోజులు గడిపేవాడు. సైడ్‌కార్ వచ్చాక మళ్ళీ మనిషయ్యాడు. ఆదివారం షికారుకి శనివారమే గడ్డం గీసుకునేవాడు. ఈమధ్య ఆ షికార్లలో బండి అక్కడక్కడా నీరసించి మళ్ళీ పుంజుకునేది గానీ, పెద్ద కార్బొరేటర్ ఇంకా కుదురుకోలేదనుకుని సరిపెట్టుకుంది పానా.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది ఒకటే ప్రశ్న. టోపీ ఏదీ అని. దాంతో లారీ కథ మొత్తం బయటపడింది.

"వచ్చే ఆదివారంలోగా దాని రోగమేమిటో తేల్చు" అంది అమ్మ. "తేలకపోతే బండి పక్కనున్న ఆ తొట్టి కోయించేస్తాను. మీ నాన్న మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చుంటారు. కనీసం ప్రాణాలతో కూర్చుంటారు."

నాన్న తలెత్తకుండా అన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించబోతే వద్దన్నాడు.

మర్నాటి నుంచి షెడ్డులో విచారణ మొదలైంది. తోడు మేనత్త కొడుకు, వెల్డింగు పనివాడు. సైడ్‌కార్ అతికింది అతనే. కోయాల్సి వస్తే కోయాల్సిందీ అతనే. చేతిలో ఎంత పనితనం ఉందో నోట్లో అంత వెటకారం ఉన్న మనిషి.

పానా ముందు ప్లగ్ విప్పింది. మొన తెల్లగా పాలిపోయి ఉంది.

"పెట్రోల్ అందడం లేదు బావా. ఇంజన్ పస్తులుంటోంది."

ఎవరు అడ్డుపడుతున్నారు? అనుమానితులని ఒక్కొక్కరినే నిలదీసింది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం ఊది చూసింది, తెరిచే ఉంది. ఫిల్టర్ మార్చింది. పైపు ఎక్కడా నలగలేదు. కార్బొరేటర్ విప్పి కడిగి, లోపలి సన్నటి రంధ్రాలన్నిటినీ వెలుతురుకి పట్టి చూసింది. అందరూ నిర్దోషులే.

ఇక రోడ్డెక్కక తప్పలేదు. ఒక్కతే వెళ్ళింది. బండి బాణంలా పోయింది. సైడ్‌కార్‌లో నాన్నంత బరువు ఇసుక బస్తాలు వేసుకుని వెళ్ళింది. అప్పుడూ అంతే. బావని కూర్చోబెట్టి తీసుకెళ్ళింది. బావ దారి పొడుగునా దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు గానీ, బండి ఒక్కసారి కూడా తుమ్మలేదు. శనివారం పొద్దున్న, లారీలు పలచబడ్డ వేళ చూసి, నాన్నని ఎక్కించుకుంది. వంతెన ఇంకా రాకముందే ఇంజన్ చచ్చిపోయింది. ఉన్న ఊపుతోనే వంతెన దాటాక బతికింది.

"మామయ్య ఎక్కితేనే మొరాయిస్తోందంటే, అది అల్లుడి వరస" అన్నాడు బావ, కథంతా విని.

"నవ్వులాటగా ఉందా? రేపు అమ్మ కట్టర్ పెట్టేది నీ చేతిలోనే."

"పోనీ, పక్కన నాన్నున్నాడని భయపడి నువ్వే వేగం వదిలేస్తున్నావేమో? తప్పు కాదులే. ఎవరికైనా ఉంటుంది."

మామూలుగా అయితే ఆ మాటకి ఒంటికాలి మీద లేచేది. ఈసారి యాక్సిలరేటర్ పట్టుకుని తన చేతి వైపే చూసుకుంది. అదే అనుమానం అప్పటికే తనకీ వచ్చింది.

ఆదివారం అమ్మ అన్నంత పనీ చేసింది. షెడ్డు గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. బావ కట్టర్ తీశాడు గానీ వైరు చిక్కు విప్పే నెపంతో ఆలస్యం చేస్తున్నాడు. నాన్న చివరిసారిగా కూర్చుంటానని సైడ్‌కార్‌లో కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

పానా పట్టు విడవలేదు. నేల మీద సుద్దముక్కతో హైవే గీసింది. పాత షికార్లూ కలిపి, బండి మొరాయించిన చోటల్లా ఒక నట్టు పెట్టింది. వంతెన ముందు ఒకటి. చెరకు తోటల మలుపు ముందు ఒకటి. రైల్వే గేటు ముందు. స్కూలు మలుపు ముందు. పెట్టడం అయ్యాక వెనక్కి జరిగి చూసింది.

"బావా, ఇలా రా. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కడైనా ఆగిందా?"

"లేదు."

"తిన్నగా పోయే రోడ్డు మీద?"

"ఎక్కడా నట్టు లేదు."

"అన్నీ నెమ్మదిగా పోవాల్సిన చోట్లే. అది కూడా, ఆ చోటు రావడానికి కొంచెం ముందే. దాటగానే మళ్ళీ మామూలే." పానా గొంతు తగ్గింది. "ఇంజన్‌కి కళ్ళు లేవు బావా. మలుపు వస్తోందని దానికి ఎవరు చెబుతున్నారు?"

బావ చేతిలోని వైరు జారిపోయింది.

పానాకి ఒక చెయ్యి గుర్తొచ్చింది. ప్రయాణం పొడుగునా తన ఎడమ మోకాలి పక్కన, ట్యాంకు కింద ఆనించి ఉండే చెయ్యి. పాపం భయానికి పట్టుకుంటున్నాడని ఎన్నిసార్లు మనసు కరిగిపోయిందో. ట్యాంకు కింద ఎడమవైపున ఉన్న వస్తువు ఒకటే, పెట్రోల్ కుళాయి. దాన్ని మూసినా, కార్బొరేటర్‌లో మిగిలింది తాగుతూ ఇంజన్ కాసేపు పరిగెడుతుంది. అది కాస్తా అయిపోయాక కూలబడుతుంది. తెరిస్తే లేచి కూర్చుంటుంది.

"నాన్నా" అంది.

నాన్న టీ గ్లాసు పక్కన పెట్టాడు. కట్టర్ వైపు చూశాడు. సైడ్‌కార్‌ని బండికి కలిపిన ఇనప కడ్డీ మీద చెయ్యి వేశాడు. గుమ్మంలో ఉన్న అమ్మ వైపు మాత్రం చూడలేదు.

"నేనే మూశాను. మొదటిసారి పొరపాటునే. వేలు తగిలి తిరిగింది. కాసేపటికి బండి నెమ్మదించింది. తెరిస్తే పుంజుకుంది. అది నా మాట వింటోందని అప్పుడు తెలిసింది. అమ్మడూ, నువ్వు నన్ను కూర్చోబెట్టావు, దుప్పటి కప్పావు, టోపీ పెట్టావు. అన్నీ ఇచ్చావు గానీ చేతికి ఏమీ ఇవ్వలేదు. అన్నేళ్ళు బండి నడిపినవాడు ఒట్టి చేతులతో రోడ్డు చూస్తూ కూర్చోవాలంటే ఎంత కష్టమో నీకేం తెలుసు? చెయ్యి చాపితే అందింది అదొక్కటే. గూడ్సు బండి కూడా ఇంతే. ఇక్కడ పవర్ కట్టేస్తే ఎక్కడో దూరాన గానీ వేగం తగ్గదు. ఏ మలుపుకి ఎంత ముందు మూయాలో పట్టుబడేసరికి నాకు మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టే అనిపించింది. ఆ లారీ సంగతి మాత్రం నా బుద్ధితక్కువ. రైలు నడిపేవాడికి, వెనక నుంచి ఎవడో వచ్చి దాటేస్తాడన్న ఊహే ఉండదు. మేం దాటిపోయేదాకా మా వెనక బండికి సిగ్నలే ఇవ్వరు. ఆరోజు నీ ముఖం చూశాక ఇక ముట్టుకోకూడదనే అనుకున్నాను. నిన్న వంతెన కనబడగానే చెయ్యి దానంతటదే పోయింది. వెనక్కి తిరిగి చూశాకే మూశాననుకో, అయినా తప్పు తప్పే. కొయ్యాలంటే ఆ కుళాయి పిడి కోసెయ్యండి, తొట్టి జోలికి రాకండి. నాకొక హారన్ పెట్టివ్వు, చాలు. కుదురుగా కూర్చుంటాను. ఇంకొక్క మాట. మీ అమ్మ వింటుండగానే చెబుతున్నాను. ఆ స్కూలు మలుపు దగ్గర నువ్వు నిజంగానే వేగంగా పోతున్నావమ్మా."