ముందు చేరినవాడు

అంబులెన్సు నేలను తడిగుడ్డతో తుడుస్తూ హారన్ బాబాయ్ తనలో తను గొణుక్కుంటున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ బండే నడుపుతున్న మనిషి. బండిలో తనతో వచ్చే నర్సు పెట్టిన ఆ పేరే అందరికీ అలవాటైపోయింది. ఆపదలో ముందుగా చేరేవాళ్లకీ, టీచర్లకీ ప్రభుత్వం బోనస్ ప్రకటించింది. పొద్దున ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా అతని దరఖాస్తును వెనక్కి తోశాడు.

"నువ్వు డ్రైవర్‌వి బాబాయ్. ఇది రోగిని ముందు ముట్టుకున్నవాళ్లకి. నువ్వే ముందు చెయ్యేశావని ఏ రోగి చేతైనా రాయించుకురా. ఇవాళే ఆఖరు, ఐదింటికి కిటికీ మూసేస్తాం."

"నేను తీసుకెళ్లకపోతే వాళ్లు ఎగిరి వెళ్తారా?" అన్నాడు బాబాయ్. గుమాస్తా నవ్వి, తర్వాతి కాగితం అందుకున్నాడు. తనెవరో కాగితం చెప్పాలా? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. డబ్బు మాట అటుంచితే, ఆ జాబితాలో తన పేరు చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మూడున్నరకి ఫోన్ మోగింది. బడిలో లెక్కల టీచరమ్మ పాఠం చెబుతూ కూలబడిపోయిందట. నర్సు ఆక్సిజన్ సిలిండర్ దించేలోగా బాబాయే పరిగెత్తి, ఆవిడ తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"ముందు చెయ్యేసింది నువ్వే బాబాయ్! ఇక రాయించుకో," అంది వెనకాలే వచ్చిన నర్సు.

"ఏం రాయాలి?" టీచరమ్మ సన్నగా అడిగింది. నర్సు రెండు ముక్కల్లో చెప్పింది. "అంతేనా! దిగాక రాసిస్తా, తప్పుల్లేకుండా."

స్ట్రెచర్ ఎక్కించాక అతను అలవాటు ప్రకారం ఆవిడ చెప్పులు వెతికి తెచ్చి, బండిలో వాటి మొనలు తలుపు వైపుండేలా పెట్టాడు. ఎవరిని ఎక్కించినా అంతే. దిగి వెళ్లేటప్పుడు వట్టి కాళ్లతో ఎలా వెళ్తారని అతని వాదన.

దారంతా హారన్ మోగుతూనే ఉంది. ఆవిడ బతకాలని కోరుకుంటున్నానా, రాయాలనా? ఛీ, ఏం బుద్ధి నాది! సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు ఆవిడ మణికట్టు చాలాసేపు పట్టుకుని, మెల్లగా వదిలేశాడు. ఆవిడ తమ్ముడొచ్చి కళ్లజోడు, సంచీ తీసుకుని లోపలికి వెళ్లాడు.

"ఐదుకి ఇంకా పావుగంట ఉంది. నేను చూశాగా, నేను రాస్తా. పద బాబాయ్," అంది నర్సు.

బండి మెట్టు మీద కూలబడ్డ బాబాయ్ లేవలేదు.

"ముందే చేరానుగా నర్సమ్మా," అన్నాడు అయోమయంగా. "మరెందుకు పోయింది?"

నర్సు వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి అతను బండి తలుపు మూయడానికి లేచాడు. లోపల, సుద్దపొడి అంటిన ఆ చెప్పుల జత ఇంకా తలుపు వైపే తిరిగి ఉంది.