కోసేసిన పేజీలు

ఆమె ఆల్టరేషన్ షాపులో పనిచేస్తుంది. బిగుతైన జాకెట్లు వదులు చేస్తుంది, పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది. కుట్టు ఎక్కడ విప్పిందో కళ్ళజోడు పెట్టుకుని వెతికినా కనిపించదు. ఆ సాయంత్రం షాపు నుంచి వస్తూనే, కూతురు ట్యూషన్ నుంచి రాకముందే, వంటింటి గట్టు దగ్గర కుట్లు విప్పే బ్లేడు పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఉన్నది మాత్రం బట్ట కాదు, కూతురు పాత పుస్తకాల దుకాణంలో కొనుక్కున్న నవల.

చదివేవారికి నవ్వు రావచ్చు. కానీ ఆ ఆలోచన ఆమె బుర్రలో పుట్టించింది మనలాంటి మంచివాళ్ళే. భర్త అక్కగారు స్కూల్లో టీచరు. మొన్న వచ్చినప్పుడు ఆ నవల అట్ట చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇదిగో మరదలా, మా స్కూల్లో ఆడపిల్లలంతా ఇవే చదువుతున్నారు. ఏదో పాడైపోయిన లోకం, చుట్టూ గోడ, మధ్యలో ఒకమ్మాయి, ఒకబ్బాయి. గోడ సంగతి ఎలా ఉన్నా ఆ అబ్బాయి సంగతి చూసుకో. తర్వాత నెత్తీ నోరూ కొట్టుకుని లాభం లేదు."

పుస్తకం లాక్కుంటే పిల్ల అలుగుతుంది, చదవనిస్తే తనకు నిద్ర పట్టదు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. అబ్బాయి కనిపించిన ప్రతి పేజీనీ మొదలంటా కోసెయ్యడమే ఆ ఉపాయం. కోయాలంటే చదవాలి కదా. పిల్ల ఇంకా మొదలుపెట్టకముందే రెండు రాత్రుళ్ళు దొంగచాటుగా చదివింది, చెవులు వేడెక్కుతున్నా చదివింది. కోసినవన్నీ స్టవ్ మీద కాల్చేసి మసి కడిగేసింది.

మిగిలిన కథతో ఆమెకు పేచీ లేదు. గోడ కట్టిన నగరం. పదహారేళ్ళు రాగానే అందరికీ ఒక పరీక్ష. నెగ్గినవాళ్ళకు ఇల్లూ వాకిలీ. తప్పినవాళ్ళతో కన్నవాళ్ళు కూడా మాట్లాడకూడదు. "కాస్త భయం ఉంటేనే చదువుతారు" అనుకుని ఆ పేజీల జోలికి పోలేదు. ఎందుకు పోతుంది? ఆ మాటలు ఆ ఇంట్లో రోజూ వినపడేవే.

కూతుర్ని ఇంట్లో పొట్టి అంటారు. తల్లికంటే బెత్తెడు పొడవు పెరిగినా ముద్దుపేరు మారలేదు. ఈ ఏడు పెద్ద పరీక్ష రాయాలి. పాత పుస్తకం కదా, పేజీలు ఊడిపోయి ఉంటాయనుకుని ఆ పిల్ల ఉన్నవే చదువుకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చదివింది.

ఆ తర్వాత ఇంట్లో ఏదో తేడా వచ్చింది. గలగలమంటూ తిరిగే పిల్ల గోడ పట్టుకుని నడవసాగింది. పిలిస్తే కాసేపటికి పలికేది, అదీ ఎవరి గొంతుతోనో పలికినట్టు ఉండేది. కంచం ముందు కూర్చుని కిటికీ వైపు చూసేది.

"ఏం చూస్తున్నావే?"

"ఏం లేదమ్మా. ఆ అమ్మాయి కూడా ఇలాగే చూసేది."

ఇంట్లో ఉన్నది ముగ్గురే. అయినా నాలుగో మనిషి తిరుగుతున్నట్టు తల్లికి అనిపించేది. గదిలోకి వెళ్తే ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. ఎవరికి చెప్పుకుంటుంది? ఇంతలో లెక్కల్లో మార్కులు తగ్గాయి. బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీ నుంచి వచ్చి చూసి, "ఇది తప్పితే నీ బతుకు ఇంతే. ఇక నాతో మాట్లాడకు" అన్నాడు. ఎండలో రోజంతా స్టీరింగు తిప్పినవాడి విసుగది. అన్నవాడు అన్నం తిని మరిచిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు.

"అమ్మా, ఆ నవల్లో అమ్మాయి పరీక్ష తప్పింది. గోడెక్కి దూకేసింది."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. ఆమె కోసం ఎవరూ రాలేదు. అసలు మొదట్నించీ ఆమెతో మంచిగా మాట్లాడినవాళ్ళే లేరు. అచ్చం నాలాగే ఉందని అన్నిసార్లు చదివాను." పొట్టి పిట్టగోడ మీద చెయ్యి ఆనించి కిందికి చూసింది. "ఇక్కణ్ణుంచి చూస్తుంటే భయమెయ్యట్లేదమ్మా."

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. తడి దుప్పటి చేతిలోంచి జారిపోయింది. వెళ్ళి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇవతలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, తానూ పక్కనే చతికిలబడింది.

"కింద ఇసుక ఉందే పొట్టీ."

"ఎక్కడ?"

"ఆ గోడ కింద. నీకు తెలీదు. ఆ కథలో ఒకబ్బాయి ఉన్నాడు. వాడున్న పేజీలన్నీ నేనే కోసేశాను."

పిల్ల గుడ్లప్పగించి చూసింది. తల్లి తలెత్తకుండా చెప్పుకుపోయింది. "వీధి దీపాలు బాగుచేసే కుర్రాడు. గోడ అవతలికి పోయే తూము ఒకటి వాడికి తెలుసు. ఆ పిల్ల పరీక్ష తప్పుతుందేమోనని, రోజూ జేబుల నిండా ఇసుక నింపుకుని వెళ్ళి గోడ అవతల పోసేవాడు. ఆ పిల్ల చచ్చిపోదామని దూకలేదే. వాడు కింద నిలబడి పిలిస్తే, ఆ ఇసుక గుట్ట మీదికి దూకింది. మోకాలు దోక్కుపోయింది, అంతే. అప్పుడు వాడు ఆమె చేతికంటిన ఇసుక దులిపి..." ఆమె నీళ్ళు నమిలింది.

"దులిపి?"

"ముద్దు పెట్టుకున్నాడు. అరచేతి మీద. ఇంకేం అడక్కు."

పొట్టికి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే భోరుమని తల్లి ఒళ్ళో వాలిపోయింది. "నాకు లెక్కలు పోతాయమ్మా. పోతే మీరిద్దరూ నాతో మాట్లాడరనుకున్నా."

"పోతే పోనీ. మళ్ళీ రాద్దువు, లేదా ఇంకోటి చేద్దువు. నువ్వు ఎక్కణ్ణుంచి పడ్డా కింద నేనుంటాను. మీ నాన్నా ఉంటాడు, ఉండేలా నేను చూస్తాను."

ఆ సంగతి విన్న తండ్రి చాలాసేపు పిల్ల మంచం దగ్గరే కూర్చున్నాడు. తానన్న మాట తనకే గుర్తులేదని తెలిసి ఏడ్చాడు. మర్నాడు సెలవు పెట్టి, ఇలాంటి దిగులుకు మందూ మాటా రెండూ ఇచ్చే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పిల్ల ఒక్కరోజులో మామూలు కాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ కిటికీ దగ్గర నిలబడుతుంది. తల్లి వెళ్ళి పక్కన నిలబడుతుంది.

కొన్నాళ్ళకు ఆడపడుచు వచ్చింది. వస్తూనే, "ఆ చెత్త నవలలు మానిపించావా?" అని అడిగింది.

"లేదు వదినా. ఆ నవలే కొత్తది కొనిచ్చాను, ఒక్క పేజీ పోకుండా" అంది ఆమె. "ప్రేమ ఉన్న పేజీలన్నీ ఏరి ఏరి కోశాను. భయం ఉన్న పేజీ ఒక్కటీ కొయ్యలేదు. అది మీకూ నాకూ తప్పనిపించలేదు. పిల్లలకి గోడ కోసం పుస్తకం అక్కర్లేదు వదినా, అది మనమే కట్టిపెట్టాం. పడితే పట్టుకునే మనిషి ఒక్కరున్నారా అని వాళ్ళు పేజీలు తిప్పుతున్నారు. ఆ మనిషి ముందు ఇంట్లో దొరకాలి. దొరకనినాడు, కనీసం పుస్తకంలోనైనా ఉండనివ్వాలి."