మంగళవారాలూ శుక్రవారాలూ

నేను ఒక పాత కారు ఇంజనును. నన్ను చేసినవాళ్లు డీజిలు తాగమని చెప్పి పంపారు. ఇంజనాయిలు తాగడం మాత్రం ముసలితనంలో నాకు నేనుగా నేర్చుకున్న దురలవాటు.

పుట్టిన కార్ఖానా సరిగా గుర్తు లేదు. ఎవరో వేళ్లతో నా అంచులు తడిమి, సరే అన్నట్టు తలూపడం ఒక్కటే గుర్తు. మొదట ఒక ఇంజనీరుగారి కారులో కాలవగట్ల మీద తిరిగాను. తరవాత పలాస జీడిపప్పు వ్యాపారి కొన్నాడు. పెళ్లిళ్లకు కడిగించి పూలదండ వేసేవాడు, మిగతా రోజుల్లో బస్తాలు కుక్కేవాడు. కొత్త బండి వచ్చిన రోజు నేను ఆయన నోట పాత ఇనుమునైపోయాను. మనుషులు ఈ విషయంలో ఆలస్యం చేయరు.

అప్పుడు నన్ను కొన్నవాడు కూర్మారావు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య అతని ఊరు. బాడుగలకు తిప్పుకుందామని కొన్నాడు గాని, ఏడాది తిరక్కుండానే అతని భార్య దాలమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఆ ఊళ్లలో అది చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి పలాస ఆసుపత్రికి తీసుకువెళ్లి రక్తం శుద్ధి చేయించాలి.

అప్పటికే నా పిస్టను రింగులు అరిగిపోయాయి. అడుగున ఉండవలసిన ఆయిలు సందుల్లోంచి పైకెక్కి కాలిపోయేది. వెనక నీలిపొగ. బయలుదేరేముందు కూర్మారావు బానెట్టెత్తి, ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసి, తరిగినంత పోసేవాడు. దాలమ్మ ముందు సీట్లోంచి చూసి నవ్వేది.

"నాకు రగతం కడుగుతారు, దానికి నూని పోత్తారు. ఇద్దరం ఒకలాటోలమే మావా."

మెకానిక్ ఢిల్లీశ్వరరావు పొగ చూడగానే జబ్బు చెప్పేశాడు. "ఇంజను బోరుకొచ్చీసింది కూర్మన్నా. మొత్తం ఇప్పీసి రింగులు మార్చాల. పది రోజులు షెడ్డులో ఒగ్గీ."

పది రోజులంటే కనీసం రెండు ప్రయాణాలు పోతాయి. బస్సులో వెళ్తానంది దాలమ్మ. చికిత్స అయ్యాక ఆమె గోడ పట్టుకుని నడిచి రావడం చూసిన మనిషి ఎలా ఒప్పుకుంటాడు? వేరే కారు మాట్లాడదామంటే, ఊళ్లో ఉన్న రెండు కార్లూ అలాంటి రోగులనే మోస్తున్నాయి. తరవాత సూద్దాం అన్నాడు కూర్మారావు. ఆ తరవాత రెండేళ్లు గడిచాయి.

శ్రావణంలో ఒక శుక్రవారం కుండపోత వాన. సోంపేట దాటాక ఆయిలు దీపం వెలిగింది. వెనక పెట్టుకున్న సీసా మంగళవారమే అయిపోయిందని కూర్మారావుకు అప్పుడు గుర్తొచ్చింది. నేను వేడెక్కి ఆగిపోయాను. గంటన్నర ఆ వానలో ఆటో కోసం నిలబడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది, మర్నాటికి గాని మళ్లీ రాలేదు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం, ఇంట్లో గంజి తాగుతూ తాగుతూ దాలమ్మ పోయింది. ఆనాటి ఆలస్యానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు నచ్చజెప్పాడు. కూర్మారావు తలూపాడు, నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

పెద్దకర్మ అయ్యాక శనివారం ఉదయం నన్ను షెడ్డుకు తోలుకొచ్చాడు. ఎప్పటికి కావాలని అడిగితే తొందరేం లేదన్నాడు. ఢిల్లీశ్వరరావు నన్ను ముక్కముక్కలుగా ఊడదీశాడు, కడిగాడు, కొత్త రింగులు వేసి బిగించాడు. సోమవారం సాయంత్రం కబురు పెట్టాడు.

"సూసుకో అన్నా, పొగ సుక్క లేదు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

కూర్మారావు పొగగొట్టం వైపు చూడలేదు. "పది రోజులన్నావు కదరా," అన్నాడు.

"అది అందరికీ సెప్పే మాటే అన్నా. బేగి సేయమని పేనాలు తోడెత్తారని ముందే ఎక్కువ సెప్తాం. కూకుంటే మూడ్రోజుల పని."

అడిగేవాడు తగ్గించి అడుగుతాడని చెప్పేవాడు పెంచి చెబుతాడు. లోకమంతా అలాగే నడుస్తోంది. కూర్మారావు ఒక్కడే ఎదురడగడం తెలియనివాడు.

"శని, ఆది, సోమ," అని వేళ్లు మడిచాడు. శుక్రవారం సాయంత్రం దాలమ్మను ఇంట్లో దించి నన్నిక్కడ వదిలి ఉంటే, మంగళవారం పొద్దున్నకు నేను సిద్ధంగా ఉండేదాన్ని. ఏ వారమైనా సరే, ఆ రెండేళ్లలో.

కారెక్కి తాళం తిప్పాడు. రోడ్డెక్కించలేదు. స్టీరింగు మీద తల ఆనించుకుని ఏడవడం మొదలుపెట్టాడు. ఢిల్లీశ్వరరావు పనివాళ్లను తీసుకుని అవతలికి వెళ్లిపోయాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇదివరకటి నేనైతే నా మోతలో ఆ ఏడుపు ఎవరికీ వినబడేది కాదు. ఇప్పుడు బాగుపడ్డాను కదా, చప్పుడు లేకుండా తిరుగుతున్నాను.